ప్రమీలారాణి నల్ల తెర

నూజివీడు దాటి మైలవరం వైపు వెళ్లే రోడ్డు పక్కన మామిడి రైతుల సంఘం వాళ్ల ప్యాకింగ్ షెడ్డు ఒకటి ఉంది. రేకుల షెడ్డు. దాని మూలన అద్దాల గది, గదిలో ఫ్యాను, ఫ్యాను కింద ప్రమీలారాణి. ఆవిడకి యాభై రెండేళ్లు. రికార్డుల్లో కంప్యూటర్ ఆపరేటర్. షెడ్డులో పిలుపు మాత్రం లేబుళ్ల మేడంగారు.

పని చెప్పుకుంటే చిన్నదే. తోటల నుంచి ట్రేల్లో వచ్చిన కాయకి తొడిమ కత్తిరించి, బోర్లా పెట్టి సొన కారనిచ్చి, కడిగి, సైజుల వారీగా ఏరి అట్టపెట్టెల్లో సర్దుతారు. ఆ పెట్టె మీద అంటించే లేబులు ప్రమీలారాణి తీసివ్వాలి. ఏ ఊరు, ఎన్నో నంబరు తోట, ఏ రోజు కోత అన్నది దాని మీద ఉండాలి. లేబులు లేని పెట్టెని అవతల కొనేవాళ్లు దించుకోరు. కాయ ఎంత బంగారంలా ఉన్నా సరే, లారీ అట్నుంచటే తిరిగొస్తుంది. కాబట్టి నూట ఇరవై మంది పనిచేసే షెడ్డులో ఆఖరి మాట ఈవిడది. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, చుట్టుపక్కల వాళ్లకి తెలియకుండా ఉండనివ్వలేదు కూడా.

ఆ లేబుళ్లు తీసే ప్రోగ్రాము పద్దెనిమిదేళ్ల కిందట ఉదయ్ భాస్కర్ అని ఒక కాలేజీ లెక్చరర్ రాసిచ్చాడు. బొమ్మలుండవు, మౌసుతో పనిలేదు. నల్లటి తెర, దాని మీద తెల్ల అక్షరాలు. ఏం కావాలో మాటల్లో టైపు చేసి ఎంటర్ కొట్టాలి, అంతే. టి, ఎ, జి అని కొట్టి, ఊరి అక్షరం, తోట నంబరు, ఎన్ని లేబుళ్లో అంకె వేస్తే ప్రింటరు కర్రుకర్రుమంటూ మొదలెడుతుంది. ఇలాంటి ఆజ్ఞలు ముప్పై దాకా ఉన్నాయి. లెక్చరరు మూడు రోజులు కూర్చోబెట్టి నేర్పాడు. ప్రమీలారాణి వాటిని ఒక నోటుపుస్తకంలో రాసుకుంది. రెండేళ్లకి అవన్నీ నోటికొచ్చేశాయి. పుస్తకం ఏమైందో మళ్లీ ఎవరూ అడగలేదు, ఆవిడా వెతకలేదు.

నేర్పమని అడిగినవాళ్లు లేకపోలేదు. "సీజను అవనివ్వండి, తీరిగ్గా చెబుతాను" అనేది. సీజను అయ్యాక మామిడి లేబుళ్ల గొడవ ఎవడికి కావాలి? అలా పద్దెనిమిది సీజన్లు గడిచిపోయాయి.

ఆవిడని చెడ్డమనిషి అనుకోకండి. మొగుడు వీరరాఘవయ్యకి చాట్రాయి దగ్గర అయిదెకరాల తోట ఉంది, ఇల్లు గడవడానికి ఈ జీతమే దిక్కు కాదు. సంఘం వాళ్లు ఏటేటా మార్చిలో పిలిచి మళ్లీ ఈ ఏడూ రమ్మంటారు. ఆ రమ్మనడం ఆవిడకి కావాలి. నలభై తోటల రైతులు అద్దం తలుపు దగ్గర నిలబడి "మేడంగారూ, మాది ముందు తీయండి" అనడం కావాలి. ఇంటర్ తప్పి, పెళ్లై, పదేళ్లు వంటింట్లో ఉండి వచ్చిన మనిషి. జీవితంలో తనకి మాత్రమే వచ్చిన పని ఇదొక్కటే. అది ఇంకొకరికి వస్తే తనెవరు అన్నది ఆవిడ భయం. ఆ భయం బయటికి చెప్పుకునేది కాదు, అందుకని నల్ల తెరే మేలు అని చెప్పేది.

ఈ ఏడు మార్చి మొదట్లో పాత కంప్యూటరు వెనకనుంచి పొగ వదిలి ప్రాణం విడిచింది. సంఘం రెండు కొత్తవి కొంది. వాటిలో ఏ సిస్టమ్ వేయాలన్న దగ్గర పేచీ మొదలైంది.

రవికిరణ్ షెడ్డు సూపర్‌వైజరు. ముప్పై ఏళ్లవాడు, పనిమంతుడు. "విండోస్ వేద్దామండీ. లేబుళ్ల సాఫ్ట్‌వేరు రెడీమేడ్‌గా దొరుకుతుంది. ప్రింటరు బొమ్మ ఉంటుంది, నొక్కడమే. తోట పేరు జాబితాలో కనిపిస్తుంది, ఎంచుకోవడమే. గుర్తుపెట్టుకోవాల్సింది ఏం లేదు. ఎవరైనా చేస్తారు" అన్నాడు.

ఎవరైనా అన్న మాటకి ప్రమీలారాణికి ఒళ్లు మండింది. "ఈ షెడ్డులో మౌసు ఎన్నాళ్లుంటదో చూడు రవీ. ఆ సొన చేతుల్తో పట్టుకుంటే సాయంత్రానికి బల్లకి అతుక్కుపోద్ది. నాదైతే ఒక్క లైను కొడతా, రెండు వందల ఇరవై లేబుళ్లు పడతయ్. నువ్వు ఆ బొమ్మలు నొక్కుకుంటా కూర్చునేసరికి నా లారీ హనుమాన్ జంక్షన్ దాటుద్ది" అంది.

"ఒక్క సున్నా ఎక్కువ పడితే మేడం? మీ నల్ల తెర అడుగుతుందా, నిజంగానా అని? ఇది అడుగుతుంది."

నిరుడు మే నెలలో సరిగ్గా అదే జరిగింది. ప్రమీలారాణి రెండు వందల ఇరవై కొట్టబోయి పక్కన ఇంకో సున్నా వేసింది. తేరుకుని ప్రింటరు ఆపేలోపు రెండు రోళ్ల లేబులు కాగితం ఖర్చయింది. ఆ లేబుళ్లని సంచీలో కుక్కి ఇంటికి తీసుకెళ్లి పొయ్యిలో పెట్టింది. మొగుడికి కూడా చెప్పలేదు.

ప్రెసిడెంటు వెంకటకృష్ణారావుకి ఇద్దరూ కావాల్సినవాళ్లే. పెద్దమనిషి తెలివిగా మధ్యేమార్గం పట్టాడు. "ఒకదాంట్లో ఆ బొమ్మలది వేయండి. రెండోదాంట్లో ఆ లినక్స్ సిస్టమ్ వేసి ఆ పాత ప్రోగ్రామే పెట్టించుకోండి ప్రమీలమ్మా, లెక్చరరు గారితో నేను మాట్లాడతాను. రెండూ పక్కపక్కన నడపండి. మే ఒకటిన మీటింగులో ఏది ఉంచాలో ఏది తీసేయాలో తేల్చేద్దాం" అన్నాడు. రిటైరైన లెక్చరరు ఒక ఆదివారం వచ్చి, కాఫీ తాగి, తన పాత ప్రోగ్రామును కొత్త మిషన్లోకి ఎక్కించి వెళ్లాడు. పాస్‌వర్డు మాత్రం ప్రమీలారాణి ఆయన్ని కూడా అటు తిరగమని పెట్టుకుంది.

ఏప్రిల్ మొదటివారంలో కోతలు అందుకున్నాయి. అద్దాల గదిలో రెండు తెరలు వెలిగాయి. రవికిరణ్ తెర మీద తోటలన్నీ రంగురంగుల పటంలా వచ్చేవి, ఏ తోటలో కాయ ఎంత వచ్చిందో వేలు పెట్టి చూపించేవాడు. ప్రమీలారాణి దాన్ని చూడనట్టు చూసేది. బాగుందని మనసులో ఒప్పుకుంది, పైకి ఒప్పుకోలేదు. వేగంలో మాత్రం ఆవిడదే పైచేయి. మౌసు సంగతీ ఆవిడ చెప్పినట్టే అయింది, నెల తిరక్కుండా రెండోది తెప్పించాల్సి వచ్చింది.

ఇక్కడ అచ్చమ్మ గురించి చెప్పాలి. అచ్చమ్మ కాయ ఏరే ఆడవాళ్ల ముఠాకి మేస్త్రి. నలభై అయిదేళ్లుంటాయి. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది, ఇంగ్లీషు బడి మొహం చూడలేదు. కానీ ట్రేల అక్షరాలు వచ్చు. ఎవరి ట్రేలు వాళ్లకి తిరిగి చేరాలని ప్రతి ట్రే పక్కనా ఊరికో ఇంగ్లీషు అక్షరం ఎర్ర పెయింటుతో రాస్తారు. ఆర్ అంటే రెడ్డిగూడెం. సి అంటే చాట్రాయి. టి తిరువూరు, ఎ ఆగిరిపల్లి, జి గొల్లపల్లి, ఎం ముసునూరు, ఎస్ సుంకొల్లు, వి విస్సన్నపేట. పదిహేనేళ్లుగా చూసి చూసి షెడ్డులో ఆడవాళ్లందరికీ అవి కళ్లకి కట్టేశాయి. వాటిని ఆర్ అనీ సి అనీ వాళ్లనరు. "ఆ రెడ్డిగూడేన్ని ఇటు లాగవే, చాట్రాయి మీద ముసునూరు ఎక్కించారేంటే" అంటారు. కొత్తగా వచ్చినవాళ్లు ఊళ్లు ఊళ్లే లాగేస్తున్నారేమిటని బిత్తరపోతారు.

ఏప్రిల్ ఇరవై నాలుగు. పొద్దున పదింటికి ఒక ట్రే మీద అక్షరం చెరిగిపోయిందంటే చూద్దామని ప్రమీలారాణి ఎప్పటిలాగే నల్ల తెరకి తాళం వేసి, గది వదిలి తొడిమలు కత్తిరించే బల్ల దగ్గరికి వెళ్లింది. వంగి చూస్తుండగా పక్కన ఎవరో కత్తెర వేశారు. కాయ లేత గట్టిది, సొన చివ్వున చిమ్మి కుడికంట్లో పడింది. మామిడి సొన చర్మం మీద పడితేనే పొక్కుతుంది, ఇక కన్ను సంగతి చెప్పేదేముంది. "అమ్మో" అని కూలబడిపోయింది. అచ్చమ్మే చెంబులకి చెంబులు నీళ్లు కొట్టింది. రవికిరణ్ కారు తీశాడు. నూజివీడు డాక్టరు కన్ను కడిగి, ఆలస్యం చేయకుండా బెజవాడ పెద్దాసుపత్రికి వెళ్లమన్నాడు.

బెజవాడలో మళ్లీ కడిగారు, మందు వేశారు, కుడికంటికి కట్టు కట్టారు. చూపుకి ప్రమాదం లేదని చెప్పారు. ఎడమ కన్ను కూడా సాయంత్రం దాకా తెరవొద్దన్నారు. వీరరాఘవయ్య బస్సులో వస్తున్నాడు. ఆయన వచ్చేదాకా రవికిరణ్ మంచం పక్కనే స్టూలు మీద కూర్చున్నాడు.

ఒంటిగంటన్నరకి ఫోను. అచ్చమ్మ.

"రవిబాబూ, రెడ్డిగూడెం పద్నాలుగో నంబరు తోటది రెండు వందల ఇరవై పెట్టెలు రెడీ. చాట్రాయి ఆరోది తొంబై. డైవరు గోల పెడతన్నాడు, మూడింటికల్లా బండి కదలకపోతే అక్కడ తీసుకోరంట. లేబుళ్లు లెవ్వు. ఏం చేయమంటావు?"

ప్రెసిడెంటు హైదరాబాదులో ఉన్నాడు. కాయ చూస్తే ఒకరోజు ఆగే కాయ కాదు. రవికిరణ్ ఫోను స్పీకర్లో పెట్టాడు. "అచ్చమ్మగారూ, ఏం పర్లేదు, నేను చెప్తాను. కిటికీ వైపున్న కంప్యూటర్ ముందు కూర్చోండి. తెర మీద బొమ్మలు కనపడుతున్నాయా?"

"కనపడతన్నయ్. శానా ఉన్నయ్."

"ప్రింటరు బొమ్మ చూడండి. ఎడమ పక్కన పైన."

"ఎట్టుంటది?"

"పెట్టెలా ఉంటుంది. పైన కాగితం."

"పెట్టెలా మూడున్నయ్ బాబూ."

"బూడిద రంగుది."

"అన్నీ బూడిద రంగే కదా."

ఒకటి నొక్కించాడు. తెర మీద ఏదో కిటికీ లాంటి గడి తెరుచుకుంది. అందులో ఏముందో చదవమంటే అచ్చమ్మకి ఇంగ్లీషు చదవడం రాదు. కింద రెండు గళ్లున్నాయి, కుడిది నొక్కమన్నాడు. అంతా మాయమైంది. మళ్లీ మొదట్నుంచి. ఈసారి తెర మధ్యలో ఇంకో గడి వచ్చి కూర్చుంది. "ఏందో అడుగుతంది బాబూ, అవునా కాదా అన్నట్టుంది" అంది. దేనికి అవునో రవికిరణ్‌కి తెలియదు. రోజూ చేసే పనే, చేతికొచ్చినంత తేలిగ్గా నోటికి రావడం లేదు. ఎక్కడ ఏముందో చూస్తే నొక్కగలడు, చూడకుండా చెప్పలేడు. ఇరవై నిమిషాలు గడిచాయి. చొక్కా తడిసిపోయింది. వేరే ఎవరైనా చదివినవాళ్లని పిలవమంటే, ఉన్న ఒక్క గుమాస్తా భోజనానికి వెళ్లాడు, ఫోను ఎత్తడం లేదు.

కళ్లు మూసుకుని ప్రమీలారాణి అంతా వింటోంది. నిజం చెప్పాలంటే మొదట సంతోషించింది. చూశావా నీ బొమ్మలు అనుకుంది. నేను లేకపోతే బండి కదలదని అందరికీ తెలిసొస్తుంది అనుకుంది. రేపు కట్టు విప్పుతారు, వెళ్లి కూర్చుంటే ప్రెసిడెంటే వచ్చి "మీరు లేకపోతే కొంప మునిగిందమ్మా" అంటాడు. మీటింగు దాకా ఆగక్కర్లేదు, ఇవాళే తేలిపోయినట్టు.

ఆ ఆలోచన ఎంతసేపో నిలవలేదు. రెడ్డిగూడెం పద్నాలుగో నంబరు తోట నాగేంద్రమ్మది. మొగుడు పోయినా తోట కౌలుకివ్వకుండా తనే చూసుకుంటోంది. పూత నిలబడడానికి ఆవిడ పడ్డ పాట్లు ప్రమీలారాణికి తెలుసు. నిన్న సాయంత్రం కోత ట్రేలతో పాటు తనూ ఆటోలో వచ్చి, "మేడంగారూ, రేపు పంపిచ్చేయండమ్మా" అని చెప్పి వెళ్లింది. ఆ కాయ షెడ్డులో ఉడికిపోతుంటే ఇక్కడ పడుకుని సంబరపడుతున్నానా అని ప్రమీలారాణికి తన మీద తనకే సిగ్గేసింది.

"ఇటియ్యి ఫోను" అంది.

రవికిరణ్ ఆవిడ చేతిలో పెట్టాడు.

"అచ్చమ్మా, లేచి నా కుర్చీలో కూర్చో. నల్ల తెర కనపడుతుందా? ఆ బొమ్మల తెర వైపు చూడబాక. ముందర మీటలున్నయ్ కదా, వాటి మీద మన ట్రేల అక్షరాలే ఉంటయ్. నేను ఊరి పేరు చెప్తా, నువ్వా మీట కొట్టు."

"ఊరి పేరా?"

"ఊరి పేరే. సుంకొల్లు."

అచ్చమ్మ మీటలన్నీ వెతుకుతున్నట్టుంది. "ఆ... సుంకొల్లు దొరికింది. కొట్టా. ఏం రాలేదమ్మా తెర మీద."

"రాదు. ఇప్పుడు చెప్పే ఏడూ కనపడవు. భయపడబాక, అది లోపల రాసుకుంటది. ఆగిరిపల్లి."

ఏడు ఊళ్లూ వరసగా చెప్పింది. అది పాస్‌వర్డు. పద్దెనిమిదేళ్లలో మొగుడి చెవిన కూడా వేయని మాట. ఆసుపత్రి వార్డులో, రవికిరణ్ ముందర, పక్క మంచంవాళ్లు వింటుండగా పైకి చెప్పింది. ఒక్కో ఊరు చెబుతుంటే ఒంటి మీద నగ ఒక్కొక్కటే ఊడదీసి ఇస్తున్నట్టుంది ఆవిడకి. అయినా ఆపలేదు. "ఇప్పుడు కుడి పక్క పెద్ద మీట కొట్టు."

"ఏదో వచ్చిందమ్మా! తెల్లగా, ఒక్కటే మిణుకు మిణుకుమంటంది."

"అది నీ మాట కోసం చూస్తంది. తిరువూరు. ఆగిరిపల్లి. గొల్లపల్లి. కింద పొడుగు మీట ఒకసారి. రెడ్డిగూడెం. ఒకటి, నాలుగు. మళ్లీ పొడుగు మీట. రెండు, రెండు, సున్నా. సున్నా ఒక్కటే అచ్చమ్మా, ఒకటే. ఎన్ని సున్నాలున్నయ్?"

"ఒకటే."

"పెద్ద మీట."

ఫోనులో కర్రుకర్రుమని మొదలైంది. షెడ్డులో ఎవరో ఈల వేశారు. అచ్చమ్మ "వత్తన్నయ్, వత్తన్నయ్" అని అరిచింది. పక్క మంచం ముసలాయన ఏమిటమ్మా అంటే, మందులిచ్చే నర్సు "ఊళ్లు చదివితే ఏదో వస్తోందండీ" అని నవ్వింది.

రోలు ఆగాక చాట్రాయి ఆరో నంబరుకి చెప్పబోయింది ప్రమీలారాణి. "తిరువూరు..."

"ఆగిరిపల్లి, గొల్లపల్లి" అంది అచ్చమ్మ. "మీరు చెప్పమాకండమ్మా. నేను కొట్టాక చూసి చెప్తా, తప్పుంటే ఆపండి." తప్పు లేదు. బండి మూడుకి పది నిమిషాలు తక్కువగా కదిలింది.

నాలుగు రోజుల తర్వాత కంటి మీద ప్లాస్టిక్ గిన్నె లాంటి మూతతో ప్రమీలారాణి షెడ్డుకి వచ్చింది. పెందరాళే వచ్చింది, ఇంకా ఎవరూ రాకముందే. కుర్చీలో కూర్చుంది. పాస్‌వర్డు మార్చడానికి ఒక్క నిమిషం పని, ఆ ఆజ్ఞ కూడా నోటికొచ్చినదే. కొట్టింది. పాతది అడిగింది, వేసింది. కొత్తది అడిగింది. వేళ్లు మీటల మీద పెట్టుకుని అలాగే కూర్చుంది. దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన కొత్త మాట సిద్ధంగా ఉంది. నాగేంద్రమ్మ లాంటి వాళ్లు నలభైమంది. రెండో కంటికీ ఏమన్నా అయితే? అసలు తను ఒకరోజు లేవలేకపోతే? ఆ మార్పుని అక్కడే రద్దు చేసి, పాతదే ఉంచి, లేచి వెళ్లి మొహం కడుక్కుంది. బాధగానే ఉంది. పళ్లబిగువున చేసిన పనే అది, గొప్పతనమేం కాదు.

మే ఒకటి మీటింగులో రవికిరణ్ నిజాయితీగానే మాట్లాడాడు. లెక్కలకి, పటాలకి తన సిస్టమే మేలన్నాడు. "కానీ చూడకుండా, దూరాన్నుంచి, ఇంకొకరి చేత చేయించడం నావల్ల కాలేదండీ. మేడం కళ్లకి గంతలతో చేయించారు" అన్నాడు. ప్రెసిడెంటు అచ్చమ్మని పిలిపించి, నీకు ఏది బాగుందని అడిగాడు.

"ఆ నల్లదేనండీ. చెప్పిన మాట ఇంటది. రెండోది నన్నే అడుగుతది అవునా కాదా అని. నాకేం తెలుసు?"

అందరూ నవ్వారు. లేబుళ్లకి నల్ల తెర ఉంచాలనీ, రవికిరణ్ మిషను ఆఫీసు పనికి ఉంచాలనీ తేలింది. ప్రెసిడెంటు సంతకం పెడుతూ, "దీంట్లో ఉన్న సుఖం ఇప్పుడు తెలిసింది. ఊళ్ల పేర్లు వస్తే చాలు, మన ఆడవాళ్లు ఎవరైనా నడిపేస్తారు. అచ్చమ్మకి కూడా ఆ గదిలో ఒక కుర్చీ వేయండి ప్రమీలమ్మా, మిగతా ఆజ్ఞలు కూడా చెప్పేయండి" అన్నాడు. ప్రమీలారాణి "అలాగేనండీ" అంది. తను కోరుకున్న తెరే నిలిచింది. ఎందుకు కోరుకుందో ఆ కారణం పోయింది.

పన్నెండో తారీకున కన్ను మళ్లీ చూపించుకోవడానికి బెజవాడ వెళ్లాల్సి వచ్చింది. సీజను మంచి ఊపు మీదుంది. ఆ రోజు నాలుగు తోటల కాయ. ముందురోజు సాయంత్రం అచ్చమ్మకి రోలు మార్చడం ఇంకోసారి చూపించింది, పొద్దున బస్సెక్కుతూ ఫోను నిండా చార్జింగ్ ఉందో లేదో చూసుకుంది. వీరరాఘవయ్య పక్కనే ఉన్నాడు. ఆసుపత్రిలో వరస పెద్దదిగా ఉంది. పదకొండైంది, ఫోను రాలేదు. పన్నెండైంది. సిగ్నలు లేదేమోనని వరండాలోకి వెళ్లి నిలబడింది, నాలుగు గీతలూ ఉన్నాయి. ఒంటిగంటకి డాక్టరు చూసి, కన్ను శుభ్రంగా ఉందన్నాడు. బయటికొచ్చి బల్ల మీద కూర్చుని ఇక ఆగలేక తనే చేసింది.

"అమ్మా, కన్ను ఎట్టా ఉందంట?" అంది అచ్చమ్మ. వెనక ప్రింటరు చప్పుడు.

"బానే ఉందంట. అక్కడ రెడ్డిగూడేనివి..."

"అయిపోయినయ్ అమ్మా. నాలుగు తోటలూ అయినయ్. రోలు కూడా మార్చా. బండి కదుల్తంది, పెట్టెలు లెక్క చూసుకోవాల, ఉంటా" అని పెట్టేసింది.

ప్రమీలారాణి ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అంతా బాగా జరిగినందుకు సంతోషమే, కాదని కాదు. దాని వెనకే వచ్చిన ఏడుపు కూడా నిజమే.

"ఏమంది? తొందరగా రమ్మందా?" అని వీరరాఘవయ్య లేచి సంచీ అందుకోబోయాడు. ప్రతి ఏడూ మే నెలలో ఆవిడ వెనక పరిగెత్తడం ఆయనకి అలవాటు.

"లేదు" అంది ప్రమీలారాణి. "కూర్చోండి. తొందరేం లేదంట."